ఎర్ర పటాల సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం

ఎరుపు ఛాయలలో వాస్తవిక వర్ణచిత్రములు కొనబడును. చట్రమున్నను సరే, లేకున్నను సరే.

అవతారిక

పటాలు సేకరించేవారిలో మూడు తెగలు ప్రసిద్ధం: సంతకం చూసి కొనేవారు, ధర పెరుగుతుందని కొనేవారు, సోఫా వెనక గోడ కొలత పట్టుకుని బజారుకు వెళ్లేవారు. రంగు చూసి కొనేవారు నాలుగో తెగ. మొదటి మూడు తెగలవారూ వీరిని పంక్తిలో కూర్చోనివ్వరు. ఆ వెలి అన్యాయమని చూపడం ఈ వ్యాఖ్యకు ప్రయోజనం. ఎరుపు విషయం. ఖాళీ గోడ ఉన్నవాడు అధికారి. సంబంధం అంటే పటానికీ గోడకీ నడుమ ఉన్న మేకు. అనుబంధ చతుష్టయం కుదిరింది కనుక ఇక సూత్రంలోకి దిగవచ్చు.

ప్రతిపదార్థం

ఎరుపు = కొన్ననాడు కనిపించేది, మనవడి నాటికి ఉంటుందో ఉండదో తెలియని రంగు యొక్క; ఛాయలలో = ఒకటికి మించిన తరహాలలో; వాస్తవిక = ఆ ఎర్రనిది ఏమిటో అడగకుండానే తెలిసేవైన; వర్ణచిత్రములు = రంగు పటములు; కొనబడును = ఎవరిచేతనో కొనబడును; చట్రము = ఫ్రేము; ఉన్నను = బిగించి ఉన్నప్పటికిని; లేకున్నను = ఊడదీసి ఉన్నప్పటికిని; సరే = అంగీకారమే, కాని బేరం మానరని ధ్వని.

తాత్పర్యం

ఎర్రగా ఉండాలి, ఉన్నదున్నట్టు వేసి ఉండాలి. అటువంటి పటం ఎక్కడున్నా కొంటారు. ఫ్రేము గురించి పట్టింపు లేదు. ఈ చివరి మాట పొరపాటని టీకలో తేలుతుంది.

టీక

‘ఎరుపు’ అని ఏకవచనం. ఇది లోకవ్యవహారాన్ని బట్టి చెప్పిన మాటే గాని పదార్థాన్ని బట్టి చెప్పింది కాదు. చిత్రకారుడి పళ్లెంలో ఎరుపు పేరుతో చేరినవి ఒక కుటుంబంవి కావు. ఒకటి ఖనిజం, ఒకటి వేరు, ఒకటి పురుగు.

ఖనిజాల్లో రాజు ఇంగిలీకం, అంటే పాదరసమూ గంధకమూ కలిసినది, బజారులో వెర్మిలియన్. నిండుగా, బరువుగా, కింది పొరను కప్పేసేలా ఉంటుంది. దోషం ఏమిటంటే వెలుతురు పడితే కొన్నిచోట్ల నల్లబడుతుంది. ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. క్రీస్తు పూర్వం ఒకటో శతాబ్దపు రోమన్ వాస్తుకారుడు విట్రూవియస్ దీన్ని నమోదు చేశాడు. ఫబేరియస్ అనే లేఖకుడు అవెంటైన్ కొండమీది తన ఇంట్లో స్తంభాల వసారా గోడలకు ఇంగిలీకం పూయించుకున్నాడట. 30 రోజులకే గోడలు మచ్చలు పడి వికారమయ్యాయి. మళ్లీ గుత్తకిచ్చి వేరే రంగులు వేయించుకున్నాడు. ఎరుపు పిచ్చి వల్ల డబ్బు పోగొట్టుకున్నవారి పరంపరలో ఈ లేఖకుణ్ణి మూలపురుషుడిగా తలచుకోవడం సంప్రదాయం కావాలి.

పురుగు వల్ల వచ్చే ఎరుపుల్లో చెప్పుకోదగ్గవి రెండు: మనకు తెలిసిన లత్తుక, మెక్సికో నాగజెముడు మీద బతికే కొచినీల్. రెండూ కంటికి ఇంపైనవి, మాట మీద నిలవనివి. ఇంగ్లండులో 18వ శతాబ్దపు దొరలనూ దొరసానులనూ చిత్రించిన జాషువా రెనాల్డ్స్ వారి బుగ్గలకు కొచినీల్ ఎరుపు వాడాడు. ఆయన బతికుండగానే ఆ బుగ్గలు పాలిపోయాయి. మనిషి ఆరోగ్యంగానే ఉన్నాడు, పటం మాత్రం జబ్బుపడింది. డబ్బు కట్టినవాళ్లకు కోపం రావడంలో వింత లేదు.

వేరు వల్ల వచ్చేది మంజిష్ఠ. తెలుగువారికి ఇంతకన్న దగ్గరిది చిరివేరు. మచిలీపట్నం కలంకారీ ఎరుపు దీని చలవే. చిరివేరులో రంగునిచ్చే ముఖ్య పదార్థం అలిజరిన్. 1868లో గ్రేబె, లీబర్‌మన్ అనే జర్మన్ రసాయనవేత్తలు దాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు; అప్పటినుంచి వేళ్లు తవ్వేవారికి పని తగ్గింది. పటికతో బట్టకు పట్టిన ఈ ఎరుపు చాకిరేవును తట్టుకుంటుంది. అదే అలిజరిన్ క్రిమ్సన్ ట్యూబు రూపంలో కాన్వాసు మీద పలచగా పూసినా, తెల్లతో కలిపినా వెలుతురుకు వెలిసిపోతుంది. కనుక ఉతుక్కి నిలిచిన రంగు గోడకూ నిలుస్తుందని వాదించకూడదు.

ఇక జాజు. గడపకూ అరుగుకూ పూసే ఈ ఎర్రమన్నును సేకర్తలు చిన్నచూపు చూస్తారు. ఇనుము తుప్పే దీని సారం. భీంబేట్కా గుహల్లో వేల ఏళ్లనాడు వేసిన ఎర్రబొమ్మలు ఇవాళ్టికీ కనిపిస్తున్నాయంటే కారణం ఇదే. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో బజారుకొచ్చిన కాడ్మియం ఎరుపు దీనికన్న మెరుపుగా ఉండి, ఇంటిలోపల దాదాపు ఇంత నమ్మకంగానూ ఉంటుంది. ఖరీదే ఎక్కువ. అందుకే చవక ట్యూబుల మీద పేరు పక్కన ‘హ్యూ’ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అసలు సరుకు లోపల లేదని ఆ మాటకు అర్థం. బతికున్న చిత్రకారుడి దగ్గర కొనేటప్పుడు ఆయన వాడిన ట్యూబు అడిగి చూడటంలో తప్పు లేదు. ట్యూబు మీద పి.ఆర్. (పిగ్మెంట్ రెడ్) 101 అని ఉంటే తుప్పు ఎరుపు, పి.ఆర్. 108 కాడ్మియం, పి.ఆర్. 106 ఇంగిలీకం, పి.ఆర్. 83 అలిజరిన్. జాతకం చూసేవారికి నక్షత్రపాదం ఎలాగో ఎర్ర పటాలు కొనేవారికి ఈ అంకెలు అలాగ.

‘ఛాయలలో’ అన్న బహువచనం సాభిప్రాయం. పటంలో ఒకే ఎరుపు ఉంటే అది రంగు వేసిన పలక. రెండు ఎరుపులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటేనే పటం. దీనికి లక్ష్యంగా జాన్ సింగర్ సార్జెంట్ 1881లో వేసిన డాక్టర్ పోజీ చిత్రాన్ని చూపవచ్చు. రెండు మీటర్ల ఎత్తున్న ఆ కాన్వాసు ఇప్పుడు లాస్ ఏంజెలెస్ హామర్ మ్యూజియంలో ఉంది. పారిస్ వైద్యుడు ఇంట్లో తొడుక్కునే ఎర్రటి పొడుగు అంగీలో నిలబడ్డాడు. వెనక ముదురెరుపు తెర, కింద ఎర్ర తివాచీ. ఎరుపు మీద ఎరుపు వేస్తే మనిషి తెరలో కలిసిపోవాలి. కలవలేదు, ఎందుకంటే అంగీ ఎరుపు వెలుగులో ఉంది, తెర ఎరుపు నీడలో ఉంది. మెడ దగ్గరా మణికట్టు దగ్గరా తొంగిచూసే తెల్లబట్ట, మొహం, సన్నటి పొడుగాటి వేళ్లు తప్ప చూపు ఆనుకోవడానికి వేరే రంగు లేదు. ఒక చేతి వేళ్లు ఛాతీ మీద అంగీ మడతలో, రెండో చేతివి నడుము తాడు దగ్గర. శస్త్రవైద్యుడి వేళ్లని తెలిసినవారికి ఆ ఎరుపు మరికాస్త ఎర్రగా కనిపిస్తుంది.

‘వాస్తవిక’ అన్నచోట పూర్వపక్షం బలంగా ఉంది. 1915లో రష్యన్ చిత్రకారుడు మాలేవిచ్ తెల్లని నేలమీద ఎర్ర చతురస్రం ఒకటి వేసి, రెండు కొలతల్లో పల్లెపడుచు తాలూకు చిత్రవాస్తవికత అని దానికి ఉపశీర్షిక పెట్టాడు. వేసినవాడే వాస్తవికం అన్నాక కాదనడానికి సేకర్త ఎవరు? ఎర్రగానూ ఉంది, వాస్తవికమని రాసీ ఉంది, కనుక కొనవలసిందే అని నవ్యులు.

దీనికి సమాధానం. అదే దేశంలో, అంతకు కొద్దిగా ముందే, ఫిలిప్ మాల్యావిన్ కూడా పల్లెపడుచులను ఎరుపులో వేశాడు. ఆయన ‘నవ్వు’ 1900 నాటి పారిస్ ప్రదర్శనలో బంగారు పతకం పొంది వెనిస్ గ్యాలరీకి చేరింది. 1906 నాటి ‘సుడిగాలి’లో పావడాల ఎరుపు మంటలా తిరుగుతుంది, అయినా అవి పావడాలేనని తెలుస్తూనే ఉంటుంది. అబ్రాం అర్ఖిపోవ్ పల్లెటూరి ఆడవాళ్లు కూడా ఎర్ర రవికెల్లో హాయిగా నవ్వుతూ కూర్చుంటారు. మాలేవిచ్ చతురస్రంలో పడుచు పేరులో మాత్రమే ఉంది. పేరులో ఉన్నదాన్ని గోడకు తగిలించుకోలేరు కనుక పూర్వపక్షం నిలవదు. మాతీస్ 1911లో వేసిన ‘ఎర్ర స్టూడియో’కూ ఇదే తీర్పు, అక్కడ ఎరుపు వస్తువులది కాదు, వస్తువులే ఎరుపులో మునిగాయి. గొప్ప చిత్రమే, సూత్రానికి చెందదు.

‘కొనబడును’ కర్మణి ప్రయోగం. తెలుగులో మనుషులెవరూ ఇలా మాట్లాడరు, ప్రకటనలే మాట్లాడతాయి. కర్తను దాచడం దీని ప్రయోజనం. ఎవరినుంచి దాచడం అన్నచోట వ్యాఖ్యాతలు చీలిపోయారు: ఇంటావిడ నుంచి అని ప్రాచీనులు, ఆదాయపు పన్ను వారి నుంచి అని నవ్యులు. ఉభయమూ గ్రాహ్యమే. ధర విషయంలో సూత్రం మౌనం వహించింది. రష్యన్ చిత్రకారుడు రేపిన్ 1880లో మొదలుపెట్టి 1891లో ముగించిన జపరోజియే కొసాక్కుల పటాన్ని, ఆ విరగబడి నవ్వే ఎర్ర కోటుతో సహా, మూడో అలెగ్జాండర్ చక్రవర్తి 35,000 రూబుళ్లకు కొన్నాడు. సేకర్త చక్రవర్తి కానప్పుడు బేరమే శరణ్యం. మన దేశంలో ఇంకో చిక్కుంది. రవివర్మ, అమృతా షేర్‌గిల్ వంటి కొందరి చిత్రాలు 1972 నాటి చట్టం కింద కళాసంపదగా ప్రకటితమయ్యాయి. వాటిని దేశంలో కొనవచ్చు, అమ్మవచ్చు; దేశం దాటించకూడదు. డల్లాస్‌లో గోడ ఉన్న తెలుగువారు తాతగారి రవివర్మను సూట్‌కేసులో పెట్టుకునే ఆలోచన మానుకోవాలి.

‘చట్రమున్నను’ అన్నచోట ఒక పాఠాంతరం చెప్పుకోవచ్చు: ‘చిత్రమున్నను సరే, లేకున్నను సరే’. చెక్కిన టేకు ఫ్రేముల కోసమే పటాలు కొనేవారికి ఈ పాఠం అనుకూలం. ఇక్కడ గ్రాహ్యం కాదు.

చట్రం విషయంలో సూత్రకారుడి ఉదాసీనత పెద్ద లోపం. షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫ్రెంచి చిత్రకారుడు రెన్వా 1883లో వేసిన మదాం క్లాపిసన్ చిత్రం ఉంది. రెన్వా వాస్తవికుల పంక్తిలోనివాడు కాకపోయినా సాక్ష్యానికి పనికొస్తాడు. ఆవిడ వెనక నేపథ్యం చల్లగా, నీలిబూడిదగా ఉండేది. అదే చిత్రకారుడి ఉద్దేశమనుకున్నారు. చట్రం తీసి చూస్తే, దాని కింద వెలుతురు తగలని అంచు వెంబడి ఎర్రని ఎరుపు బయటపడింది. పరీక్షిస్తే కొచినీల్ అని తేలింది. ఏళ్ల తరబడి జనం చూసింది ఎరుపు పోగా మిగిలిన పటాన్ని.

ఇందువల్ల ఆచారవిధి ఒకటి పుడుతుంది. నూనెరంగుల పటం మీద వెలుతురు 200 లక్సులు మించకుండా చూడాలి. కాగితం మీది నీటిరంగులకూ పాత అచ్చు పటాలకూ 50 చాలు. నేరుగా పడే మధ్యాహ్నపు ఎండ లక్ష దాకా ఉంటుంది కనుక కిటికీకి ఎదురుగోడ నిషిద్ధం. కొనేముందు చట్రం విప్పించి, దాని కింద దాగిన అంచు రంగునూ నడిమి రంగునూ పక్కపక్కన పోల్చి చూడాలి. రెండూ ఒకటైతే అడిగిన ధర ఇవ్వవచ్చు. తేడా ఉంటే ఆ మేరకు తగ్గించి అడగాలి. విప్పనని భీష్మించే దుకాణంలో కొనకూడదు.