వెలిగిందా?

మెకానిక్‌కి డబ్బిచ్చిన రాత్రి మా పెద్దబావగారికి నిద్ర పట్టదు. పిసినారి అనుకునేరు, చెయ్యి చాచినవాడికి లేదనడం ఆయనకి చేతకాదు. ఆయన బాధల్లా, రెండు వైర్లు కలపడానికి తనుండగా ఇంకొకణ్ణి పిలవడమేమిటని. కరెంటాఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. "440 వోల్టులతో కాపురం చేసినవాణ్ణి, ఈ 12 వోల్టులు నన్నేం చేస్తాయోయ్!" అంటూంటారు. ఇలాంటాయన మీ ఇంట్లోనూ ఒకరుండే ఉంటారు. ఆయన విప్పిన మిక్సీ అటక మీద ఉండే ఉంటుంది.

మొన్న ఎండాకాలం ఆయన చూపు కారు మీద పడింది. 2019 జూలై నుంచి మన దేశంలో తయారయ్యే కార్లకి వెనక పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి చేశారు. బావగారిది అంతకు ఐదేళ్ల ముందటి బండి. ప్రభుత్వం తనొక్కడికే బకాయి పడ్డట్టు మాట్లాడేవారు. "అమెరికాలో 2018 మే నుంచి కొత్త కార్లకి వెనక కెమెరాయే ఉండాలిట. అసలు 1956లోనే బ్యూక్ వాళ్లు సెంచూరియన్ అనే నమూనా కారుకి అద్దం బదులు టీవీ కెమెరా పెట్టారు, తెలుసా?" తెలీదన్నాను. ఆ పాపానికి ఆదివారం పొద్దున్నే విజయవాడలో వాళ్లింటి ముందు కారెక్కి కూర్చోవలసి వచ్చింది.

కెమెరా ముందురోజే ఆటోనగర్లో కొన్నాం. బిగించడానికి ఏడొందలన్నాడు కుర్రాడు. బావగారు వాణ్ణి జాలిగా చూశారు.

చెప్పుకుంటే చిన్న పనే. రివర్స్ గేరు వేస్తే వెనక తెల్లలైటుకి కరెంటొస్తుంది. కెమెరా ఎర్రవైరు అక్కడ కలిపి, నల్లవైరు బాడీకి ఎర్తు చెయ్యాలి. పసుపు పిన్నున్న ఆరు మీటర్ల కేబులు స్టీరియో దాకా లాగాలి. దాన్నంటుకునే ఇంకో సన్నటి ఎర్రవైరుంటుంది. బండి వెనక్కెళుతోంది, బొమ్మ చూపించమని స్టీరియోకి కబురు చేరవేసేది అదే. అంతే. ఈ "అంతే" ఏడింటికి మొదలైంది.

తాళం తిప్పి, గేరు వేసి, "వెలిగిందా?" అంటే జవాబు చెప్పడం నా డ్యూటీ. ఆయన డిక్కీలో తల దూర్చి, పాత ఇండికేటర్ బల్బుకి రెండు వైర్లు చుట్టిన సొంత టెస్టరుతో ఒక్కో తీగా పొడిచి చూస్తున్నారు. నేను కొనిచ్చిన మల్టీమీటరు డబ్బాలో భద్రంగా ఉంది. బల్బు ఆయన చేతిలో. వెలిగేది ఆయన కళ్లముందు. అడిగేది మాత్రం నన్ను.

"ఫ్యూజు పెట్టరా బావగారూ?" అన్నాను. "ఇది తాగేది ఉగ్గుగిన్నెడు కరెంటోయ్," అన్నారు, ఊరందరి ఫ్యూజులకీ వంకలు పెట్టి రిటైరైన పెద్దమనిషి.

డిక్కీ తలుపుకీ బాడీకీ మధ్య ఏనుగు తొండంలాంటి రబ్బరు గొట్టం ఉంటుంది. కంపెనీ వైర్లతోనే అది కిక్కిరిసి ఉంది. అందులోంచి మా కేబులు పోవాలి. అరగంట పోరాడి, కొబ్బరినూనె తెమ్మన్నారు. కర్టెన్ స్ప్రింగు కూడా కావాలన్నారు. మా అక్క కిక్కురుమనకుండా హాల్లో కర్టెను దించి తెచ్చింది, ముప్ఫై ఏళ్ల కాపురం మరి. స్ప్రింగు కొసకి కేబులు టేపుతో చుట్టి, నూనె పూసి, నాలుక పంటికింద నొక్కిపట్టి, వేలితో సవరిస్తూ గోరంత గోరంతగా తోశారు. చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకోలేదు. అవతలివైపు పసుపు పిన్ను తల బయటపెట్టగానే "వచ్చాడు!" అని కేకేశారు, పురిటిగదిలోంచి కబురొచ్చినట్టు. నిజం చెప్పొద్దూ, నాకూ ఒళ్లు పులకరించింది.

ఊడదీసిన ప్లాస్టిక్ క్లిప్పుల్లో మూడు విరిగాయి, నాలుగు స్క్రూలు మిగిలాయి. కంపెనీవాడు భయంకొద్దీ ఎక్కువ బిగిస్తాడుట. అవి బిస్కెట్ల డబ్బాలో, పూర్వీకుల సరసన చేరాయి.

సాయంత్రం ఆరింటికి నేను గేరు వేయగానే తెర మీద గేటూ, తులసికోటా, నడుం మీద చెయ్యేసుకున్న అక్కా ప్రత్యక్షం. ఆ సంబరంలో బెంజి సర్కిల్ దాకా షికారు బయల్దేరాం. సిగ్నల్ దగ్గర బావగారు బ్రేకు వేశారు. పాట వినిపిస్తున్న స్టీరియోలో వెనక ఆటోడ్రైవరు ప్రత్యక్షమయ్యాడు. బ్రేకు వదిలితే మాయం, తొక్కితే ఆవలిస్తూ మళ్లీ హాజరు. కలిపింది రివర్స్ లైటు వైరుకి కాదు, బ్రేకు లైటు వైరుకి.

"బ్రేకు వేసినప్పుడేగా వెనకవాణ్ణి చూసుకోవాల్సింది! కంపెనీవాళ్లకి తట్టలేదు చూడు," అన్నారు ఏమాత్రం తొణక్కుండా. వెనకసీట్లోంచి అక్క నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఆఫీసులో అందరికీ చెప్పి మరీ నవ్వించాను.

చెప్పనిది ఒకటుంది. గేరు వేసిన ప్రతిసారీ, ఎన్నేళ్ల అలవాటో, నా కుడికాలు బ్రేకు మీదే ఉంది. బల్బు వెలిగింది దాని పుణ్యాన.

తరవాతి ఆదివారం మళ్లీ డిక్కీ తెరుచుకుంది. ఈసారి గేరు వేసి, సీటు వెనక్కి జరిపి, బాసింపట్టు వేసుక్కూర్చున్నాను.

"వెలిగిందా?"