చిప్ప నొప్పి

జైనూర్ దగ్గరి ఓ బడి నుంచి పీఈటీ సారు పిలగాన్ని బండి మీద ఎక్కించుకొని ఉట్నూర్‌లో ఎముకల డాక్టరు దగ్గరికొచ్చాడు.

"వారంల జోనల్ పోటీలున్నయి సార్. అండర్-14 ఖో-ఖోల మాకు వీడే దిక్కు. మోకాలిచిప్ప నొస్తున్నదంటడు."

ఖో-ఖో అంటే గొంతుకూర్చోవాలి, చటుక్కున లేచి ఉరకాలి. బరువంతా చిప్ప మీదే. పిలగాడు మాట్లాడలేదు. పై పెదవి మీద సన్నటి గాటుంది, తడుముకుంటూ పడుకున్నాడు.

డాక్టరు ముందు తుంటి తిప్పి చూశాడు.

"నొప్పి మోకాల్ల సార్!"

"పిల్లలకు తుంటి కీలు జారినా నొప్పి మోకాల్లోనే తెలుస్తుంది." (ఇది మరిచే డాక్టర్లూ ఉన్నారు.)

తుంటి బాగానే ఉంది. చిప్ప కింది బొడిపె మీద నొక్కాడు. నొప్పి లేదు. ఉంటే ఆస్‌గుడ్-ష్లాటర్. చిప్ప కింది కొన మీద బొటనవేలు పెట్టగానే పిలగాడు "అవ్వా" అన్నాడు.

"సిండింగ్-లార్సెన్ అంటారు. 10 నుంచి 13 ఏళ్లలో ఎక్కువ. ఎముక తొందరగా సాగుతుంది, తొడ కండరం వెనకబడుతుంది. ఎగిరినప్పుడల్లా అది ఇంకా గట్టిపడని చిప్ప కొనను గుంజుతుంది. కొన్నాళ్లు ఆట తగ్గించండి, ఐసు పెట్టండి, తొడ సాగదీసే కసరత్తు చేయించండి. ఎదుగుదల ఆగితే ఇదీ పోతుంది."

"ఫొటో తియ్యకుంటనేనా? వేలుతోని నొక్కి జబ్బు చెప్తే ఎట్ల సార్?"

మన దగ్గర ఎక్స్‌రే రాయని డాక్టరు డాక్టరే కాదు. అవసరం లేదన్నా సారు వినలేదు, పైసలు తనే కట్టాడు.

ఫిల్ము వచ్చింది. డాక్టరు దాన్ని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. ఎదిగే పిల్లల మోకాలికి పైనా కిందా నల్లటి గీతలుంటాయి. ఎముక పెరిగేది అక్కడే. మగపిల్లల్లో అవి దాదాపు 16-18 ఏళ్ల మధ్య మూసుకుపోతాయి.

"వయసెంతన్నారు?"

"పదమూడు సార్. బోనఫైడ్ ఉన్నది."

"నొప్పి నిజమే. నేను చెప్పిన పేరే తప్పు. అది ఎదిగే పిల్లల జబ్బు. ఇతను ఎదగడం ఎప్పుడో అయిపోయింది."

పిలగాడు పెదవి మీది చెయ్యి తీశాడు. సారు లేచి తలుపు దగ్గరికి వేశాడు.

"ఫొటో ఎందుకు సార్, ఇటియ్యండి. వేలుతోని నొక్కి చెప్పిన్రు సూడు, గదే రాయుండ్రి."