ఒకటో తరగతి తాత

ప్రాథమిక చదువు ఉచితమని కెన్యా సర్కారు 2003లో ప్రకటించింది. మరుసటి ఏడాదే ఎల్డోరెట్ దగ్గరి బడిలో ఒకటో తరగతికి కొత్త పిల్లాడొచ్చాడు. పేరు కిమానీ మారుగే, వయసు 84! పొట్టి నిక్కరు, మోకాళ్లదాకా మేజోళ్లు, చేతిలో కర్ర. (ఉచితమంటే ఇలా నిజంగానే నమ్మేస్తారని ఏ సర్కారు మాత్రం అనుకుంటుంది?) పాస్టరుగారు బైబిల్లో ఉన్నదే చెబుతున్నారా అని తాతకో అనుమానం. తను పాల్గొన్న మౌ మౌ స్వాతంత్ర్య పోరాటానికి పరిహారమంటూ వస్తే నోట్లు తనే లెక్కపెట్టుకోవాలని ముందుజాగ్రత్త. వేలిముద్రతో సరిపెట్టుకునేవాళ్లతో ఏలినవారికి ఈ తంటా ఉండదు. కూడికలైతే వచ్చాయి. తాత 2009లో పోయారు. మౌ మౌ పోరాట బాధితులకు బ్రిటన్ పరిహారం ప్రకటించింది 2013లో.