ఆటీన్ రాజు ఆత్మకథ

నలుగురు పేక రాజుల్లో మీసం లేనివాణ్ణి నేనొక్కణ్ణే. పైగా చేతిలోని కత్తి నా తలలోకే దిగినట్టు కనిపిస్తుంది. ఒకప్పుడు అది గొడ్డలి. బొమ్మను చూసి బొమ్మ గీసుకుంటూ వచ్చినవాళ్ల చేతుల్లో దాని మొన ఎక్కడో ఊడిపోయింది. పుట్టుక గురించి చెప్పడానికేముంది, అట్టముక్క, పైన పూత! బతుకు మాత్రం కోస్తాలో ఒక టౌను క్లబ్బులో, పదమూడు ముక్కల రమ్మీ బల్ల మీద మొదలైంది.

అక్కడ నాకు దక్కిన రాజమర్యాద, అందరికంటే ముందు నన్ను పారేయడం. కోపమున్నా కాదనలేను. ఏడుకీ ఎనిమిదికీ అటూ ఇటూ చుట్టాలే. నాకు కింద రాణి, జాకీ. పైన ఆసు, ఆపైన ఎవరూ లేరు. చేతిలో మిగిలిపోతే పది పాయింట్లు. రెండు పేకలు కలిపి ఆడతారు కనుక నాకో కవల ఉన్నాడు. ఇద్దరం ఆటీన్లమే కాబట్టి ఒకే సెట్టులో కూర్చోనివ్వరు.

ఆ కవల పుణ్యమా అని నాకు ఎర ఉద్యోగం దొరికింది. ఒకే చేతిలో మేమిద్దరం, ఆటీన్ జాకీ ఉన్నాయనుకోండి. కావలసింది రాణి. ఆటగాడు అక్కర్లేనట్టు నన్ను పడేస్తాడు. వీడికి ఆటీన్ పెద్దముక్కలతో పని లేదనుకుని, అతనికి ముందు ఆడేవాడు రాణిని వదిలేస్తాడు. అలా రాణి పడ్డప్పుడల్లా నేను కింద పడి ఉండి కూడా మురిసిపోయేవాణ్ణి.

చిక్కంతా రాణి రానప్పుడు. చేతిలో కవల పది, జాకీ పది. ఆడిన అబద్ధానికి ఇరవై పాయింట్ల అద్దె నడుస్తూ ఉంటుంది. తర్వాత ఆడేవాడు నన్ను ఎత్తుకున్నాడంటే రాణి అతని దగ్గరే ఉండొచ్చు. రేపు వదిలినా అది మనవాడి దాకా రాదు. ఎవరో పారేసిన ఒక రాణి ముక్కల కింద పూడుకుపోతే ఇక మిగిలేది ఒక్కతే. నేర్పరి అక్కడితో కవలనీ జాకీనీ వదిలించుకుని చిన్నముక్కలతో ఆడతాడు. మొండివాడు మాత్రం మిగిలిన రాణుల్ని లెక్కపెట్టడు, ఎర వేసినందుకైనా ఫలితం దక్కాలంటాడు.

"ఎందుకు బావా ఇంకా ఈడ్చడం? డ్రాప్ చెయ్యి."

"ఒక్క చుట్టు ఆగరా!"

ఈ ఆగమనడం ఎంత ఖరీదో నాకు తెలుసు. ముక్క ఎత్తకముందే దండం పెట్టేస్తే 20, ఎత్తాక 40, షో పడేదాకా కూర్చుంటే 80 దాకా. 101 చేరితే అవుటయ్యే 101 పూల్‌లో 80 మీద ఉన్నవాడు మొదట్లోనే తప్పుకుంటే 100 దగ్గర బతుకుతాడు. 81 మీద ఉన్నవాడికి ఆ దారీ లేదు, డ్రాప్ అన్నా అవుటే. పాపం, అతను బ్లఫ్ ఆడినా నేనేమీ అనను.

మాకూ ఒక గౌరవం ఉంది లెండి. 1967 నవంబరులో, సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో, రమ్మీ నేర్పుతో కూడిన ఆటేనని సుప్రీంకోర్టు చెప్పింది. ఏ ముక్క ఉంచుకోవాలి, ఏది పారేయాలి అన్నదాంట్లోనే ఆ నేర్పు ఉందట. నన్ను పారేయడం కూడా విద్యేనన్నమాట!

ఆ విద్య రానివాడొకడు ఓడిన కసితో నా మూల మడిచేశాడు. మూల మడతపడితే వెనకనుంచే గుర్తుపడతారు, క్లబ్బులో ఇక చోటు లేదు. పేక మొత్తం వాచ్‌మన్‌కి ఇచ్చేశారు. అతని పిల్లలు నా కవలను సైకిలు చక్రం పుల్లల మధ్య బిగించి టకటకలాడించారు. ఎవరూ వెతకలేదు. నేను కొన్నాళ్లు కిటికీ రెక్క కొట్టుకోకుండా మడతపెట్టిన అట్టనయ్యాను. కత్తి దిగిన తలకి అదొక లెక్కా అనుకున్నాను గానీ, వాన జల్లుకి పూత లేచిపోతుంటే బాధనిపించింది.

ఆ పేకతో పాటు చేతులు మారి, ఇప్పుడు పెళ్లి వంటవాళ్ల దగ్గరున్నాను. జోకర్ పోయిందని నా ముఖం మీద బాల్‌పెన్నుతో 'జోకర్' అని రాశారు. పది పాయింట్లవాణ్ణి సున్నా అయ్యాను, విలువ మాత్రం పెరిగింది. నన్ను చూడగానే పొంగిపోయి, చేతిలో ఒక్క వరస కుదరకపోయినా 80 దాకా వెళ్లేవాళ్లే ఎక్కువ. మొన్న ఒక కుర్ర వంటవాడు నన్ను చూశాడు, మిగతా పన్నెండూ చూశాడు, ముక్క ఎత్తకుండానే పేక బోర్లించి "ఇరవై రాసుకో మావా" అన్నాడు.