అయిదంగల వీరుడు

అమెరికాలో వ్యోమింగ్, మోంటానా వంటి కొండ రాష్ట్రాల్లో వేసవి వస్తే చాలు, ఒక రకం మనిషి బయల్దేరతాడు. వారమంతా ఏ బీమా ఆఫీసులోనో కంప్యూటర్ ముందు కూర్చున్నవాడు శుక్రవారం సాయంత్రానికల్లా కుచ్చుల జింకతోలు చొక్కా, తోక వేలాడే రకూన్ టోపీ తగిలించుకుని, నడుముకు ఒక పక్క కత్తి, ఇంకో పక్క టామహాక్ అనే చేతిగొడ్డలితో ప్రత్యక్షమవుతాడు. అతను చేరే శిబిరంలో శాసనం ఒక్కటే: 1840 తర్వాత పుట్టిన వస్తువేదీ కంటికి కనబడకూడదు. కనబడకూడదన్నారు గానీ ఉండకూడదనలేదు కదా! అందుకే గుడారం మూల కంబళి కప్పిన పెట్టెలో ఐసు, ఐసులో బీరు, తోలుసంచిలో సెల్‌ఫోను. 1840 మీదే అంత పట్టుదల ఎందుకంటే, 1825లో విలియం ఆష్లీ అనే బొచ్చుతోళ్ల వ్యాపారి మొదలుపెట్టిన రాండెవూ అనే కొండసంత 1840తో ఆగిపోయింది. బీవర్లను పట్టే వేటగాళ్లు ఏడాదికోసారి ఆ సంతకొచ్చి, తోళ్లిచ్చి మందుగుండు, పొగాకు, సారా పట్టుకెళ్లేవాళ్లు. వేటాడగా వేటాడగా బీవర్లు తగ్గిపోయాయి, దొరలేమో బీవరు టోపీ మాని పట్టు టోపీ పెట్టారు, సంత మూతబడింది. టోపీ మారితే అంతరించిన యుగాన్ని మనవాడు ఇంకో టోపీ పెట్టి బతికిస్తున్నాడన్నమాట.

అంతవరకూ బాగానే ఉంది. కానీ తాను చేసేది ఆట అంటే మాత్రం ఒప్పుకోడు, సరిహద్దు వీరుల యుద్ధవిద్య అంటాడు. ఇక్కడ అతని గొడ్డలే అతనికి ఎదురుసాక్ష్యం చెబుతుంది. విసిరిన టామహాక్ గాలిలో మొగ్గలేస్తూ పోతుంది. మామూలు పిడి ఉన్నదానికి ఒక మొగ్గ పూర్తవడానికి సుమారు అయిదంగలు పడుతుంది. ఒక అంగ అటూ ఇటూ అయితే పిడో, వీపో తగిలి ఎగిరిపడుతుంది. అంటే శత్రువు ఆ లెక్క చూసుకుని, దయచేసి, కదలకుండా నిలబడాలి. నిలబడ్డాడే అనుకుందాం, గురి తప్పితే? ఉన్న ఒక్క గొడ్డలినీ కానుకగా అతని కాళ్ల దగ్గర పెట్టినట్టే. కట్టెలు కొట్టడానికీ, గుడిసె వేసుకోవడానికీ అడవిలో దిక్కైన పనిముట్టును బుద్ధున్నవాడెవడూ అలా పారేసుకోడు. ఇక పోటీల్లో విసిరే కత్తికి మొనే గాని పదునుండదు, దానితో ఉల్లిపాయ తరగడం కూడా కష్టమే. పాతకాలపు సాక్ష్యమూ ఇదే చెబుతోంది. జోసెఫ్ డాడ్రిడ్జ్ అనే క్రైస్తవ మతబోధకుడు వర్జీనియా, పెన్సిల్వేనియా పడమటి సరిహద్దు జీవితం మీద 1824లో రాసిన పుస్తకంలో ఈ గొడ్డలి విసురుడును కుర్రాళ్ల ఆటల్లో చేర్చాడు. అయిదంగల దూరానికి పిడి కిందికుండేలా, ఏడున్నర అంగలకు పైకుండేలా దిగుతుందని లెక్క కూడా ఇచ్చాడు. మనవాడు నేటికీ నేల మీద అంగలతో కొలుచుకునేది ఆ లెక్కే.

ఆటే అయితే అంత గంభీరత ఎందుకని ఎవరైనా అడగవచ్చు. అసలు గంభీరత ఉండేదే ఆటలో. ఒక్క విసురు దగ్గరగా చూడండి. ఎదురుగా అడ్డంగా కోసిన లావుపాటి దుంగ ముక్క, వలయాలు మనవైపు. నారల మధ్య గొడ్డలి అంచు దిగడానికి అదే అనువు. దాని మీద గుచ్చిన పేకముక్క. మనవాడు దుంగకు వీపు పెట్టి అయిదంగలు నడుస్తాడు, తిరుగుతాడు, బొటనవేలు అర బెత్తెడు వెనక్కి జరుపుతాడు. విసురుతాడు. టక్కుమని దిగి పేకముక్క రెండయితే, ఆ రెండు ముక్కలూ భద్రంగా సంచిలోకి. ఠంగుమని ఎగిరొస్తే అందరూ వెనక్కి గెంతాక కారణాలు బయల్దేరతాయి: దుంగ ఎండిపోయింది, రాత్రి నీళ్లు చల్లలేదు, పిడి కొత్తది, గాలి ఎదురు. తన చెయ్యి పేరు మాత్రం ఆ జాబితాలోకి రాదు. అయినా అందరి విసుర్లూ అయ్యేదాకా ఒక్కడూ గీత దాటడు. మీసం మెలేసిన వీరులంతా చివరివాడి కోసం బుద్ధిగా ఆగడం ఏ యుద్ధంలోనూ కనబడని మర్యాద.

సినిమాల్లో హీరో విసిరితే శత్రువు కూలుతున్నాడు కదా అన్నది రెండో అభ్యంతరం. దానికి జవాబు 1965లోనే టీవీలో వచ్చింది. డేనియల్ బూన్ సీరియల్లో మింగో అనే చెరోకీ తెగవాడి వేషం వేసిన ఎడ్ ఏమ్స్, జానీ కార్సన్ కార్యక్రమంలో చెక్క మీద గీసిన కౌబాయ్ బొమ్మకు గురిపెట్టి టామహాక్ విసిరాడు. అది చక్కగానే దిగింది, కాకపోతే చెప్పరాని చోట, పిడి పైకి! జనం నవ్వు ఎంతసేపటికీ ఆగలేదు. దిగేలా విసరడం ఒక విద్య, అనుకున్నచోట దిగడం ఇంకో విద్య అని దేశమంతా చూసింది. మరి ఆదివాసుల ఆయుధాన్ని ఆటబొమ్మ చేయవచ్చా అన్న ప్రశ్న బరువైనదే. టామహాక్ అన్న మాట వర్జీనియా తీరపు అల్గాంక్వియన్ భాషలది, ఇనుప తల ఐరోపా వర్తకులు తెచ్చింది. ఒక పక్క పదును, మరో పక్క పొగాకు గిన్నె ఉన్న రకాలు సంధి మాటల్లో బహుమతులుగా చేతులు మారేవి. అలాంటి వస్తువును యుద్ధానికే కట్టేస్తే సగం చరిత్ర పోతుంది. పోరు గొప్పలు తగ్గించుకుని ఆ మాట ఎవరిదో గుర్తుంచుకుంటే మనవాడి ఆటకు ఆ మేరకు మర్యాద పెరుగుతుంది.

కాబట్టి అతను నకిలీ వీరుడే కావచ్చు, ఆటగాడు మాత్రం అసలైనవాడే. ఈ మాట అతనితో అంటే చిన్నబుచ్చుకుంటాడు. డాడ్రిడ్జ్ పుస్తకంలోని కుర్రాడెవడైనా వచ్చి చూస్తే టోపీకి నవ్వుతాడేమో గానీ, అయిదంగల దగ్గర మాత్రం నోరెత్తకుండా వరసలో నిలబడతాడు.