వేటకు వెళ్లరాదు, విహారానికి వెళ్లొచ్చు

సముద్రం అల్లకల్లోలంగా ఉన్నప్పుడు వచ్చే హెచ్చరికలో ఒక వాక్యం ఎప్పుడూ మారదు: 'మత్స్యకారులు వేటకు వెళ్లరాదు.' వాళ్లు వెళ్లరు కూడా. గాలి తీరు, కెరటం పోకడ చూసి పడవలు ముందే ఒడ్డుకు లాగేసుకుంటారు. ఇంజినీరింగ్ విద్యార్థులు, ఆఫీసు బృందాలు, కొత్త దంపతులు, మా బావగారు వెళ్లరాదని అందులో ఎక్కడా లేదు. కనుక వాళ్లు బయల్దేరతారు.

'వాళ్లు వద్దన్నది వేట. మనం వెళ్లేది స్నానానికి' అని బావగారి వాదన. కోర్టులోనైతే నెగ్గేవారే.

సముద్రం ఎలా ఉండబోతోందో లెక్కగట్టి చెప్పే ఇన్‌కాయిస్ ఉన్నది హైదరాబాదులో. సముద్రం లేని ఊరి నుంచి హెచ్చరిక వస్తుంది. ఆ హెచ్చరిక చదవని జనం కూడా అదే ఊరి నుంచి శుక్రవారం రాత్రి బస్సెక్కి, తెల్లారేసరికి సూర్యలంకలోనో, చీరాల ఓడరేవులోనో, విశాఖ ఆర్కే బీచ్‌లోనో దిగుతారు. ఇక తుపాను వేళ ఓడరేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలంటే మనకు మహా ఇష్టం. ఒకటో నంబరైతే నిరాశ. మూడో నంబరైతే ఫోన్‌కు ఛార్జింగ్ నింపుకుని కదులుతాం. టీవీ విలేకరి మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి 'ఎవరూ ఇటు రావద్దు' అని గొంతు చించుకుంటాడు. ఆయన వెనక కెమెరాకు చేతులూపేది ఆ మాట విని వచ్చినవాళ్లే.

తీరంలో ప్రాణాలు తీసేది పెద్ద కెరటమే అనుకుంటాం. అసలు దొంగ వేరే ఉంది, దాన్ని రిప్ కరెంట్ అంటారు. కెరటాలు ఒడ్డుకు తెచ్చిపోసిన నీళ్లు తిరిగి వెళ్లాలి కదా. ఇసుక మేటల మధ్య ఎక్కడ పల్లం దొరికితే అక్కడ ఒక సన్నని పాయగా చేరి, లోపలికి దూసుకుపోతాయి. ఆ పాయలో లోతెక్కువ కాబట్టి కెరటం విరగదు, నురగ తక్కువ, నీళ్లు కాస్త ముదురు రంగులో నిదానంగా కనిపిస్తాయి. సరిగ్గా అక్కడే మన కుటుంబ పెద్ద కన్ను పడుతుంది. 'అటు కెరటాలు ఎక్కువగా ఉన్నాయర్రా, ఇటు రండి, ఇక్కడ ప్రశాంతంగా ఉంది' అని పిల్లల్ని పిలుస్తాడు.

ఆ పాయ వేగం ఒక్కోసారి సెకనుకు 2 మీటర్లు దాటుతుంది. ఒలింపిక్ ఈతగాడు కూడా దానికి ఎదురీదలేడు. మా బావగారు మాత్రం ఈదగలనంటారు, చిన్నప్పుడు ఊరి బావిలో నేర్చుకున్నారు. బావిలో నీళ్లు ఎక్కడికీ పోవన్న సంగతి ఆయనకు ఎవరు చెప్పాలి? పైగా ఎదురీదితేనే విజయమని వ్యక్తిత్వ వికాస నిపుణులు మనకు ఏళ్ల తరబడి నూరిపోశారు. సముద్రం ఆ తరగతులకు హాజరు కాలేదు.

నిజానికి ఆ ప్రవాహం మనిషిని అడుగుకు గుంజదు, ఒడ్డు నుంచి దూరంగా తీసుకుపోతుంది, అంతే. ఒడ్డుకేసి ఈది ఈది, అలసిపోయి మునిగిపోతారు. దానితో తగువు పెట్టుకోకుండా వెల్లకిలా తేలి ఊపిరి నిలబెట్టుకోవాలి. ఓపికుంటే తీరం పొడవునా పక్కకు ఈది, పాయ దాటాక కెరటాలు విరుగుతున్న వైపు నుంచి ఒడ్డెక్కాలి. లేదంటే తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. చిక్కల్లా ఇక్కడే. నీళ్లలోంచి చెయ్యెత్తితే ఒడ్డున ఉన్న మనవాళ్లు తిరిగి చెయ్యూపుతారు. వీడియో కూడా తీస్తారు.

సంగతి అర్థమయ్యాక అన్న కోసం తమ్ముడు, తమ్ముడి కోసం స్నేహితుడు దూకుతారు. ఒక్కరి కోసం మొదలైన వెతుకులాట ముగ్గురి కోసం అవుతుంది. దూకే బదులు తేలే వస్తువు ఏదైనా విసిరి, లైఫ్‌గార్డును కేకేయాలి. మూత బిగించిన ఖాళీ వాటర్ క్యాను చాలు, మనిషి పట్టుకుని తేలతాడు. మనవాళ్లు తీరానికొచ్చి ఖాళీ చేసే సీసాలు మాత్రం ఆ పనికి రావు. లైఫ్‌గార్డు సంగతా? పొద్దుట్నుంచీ విజిల్ ఊదుతూనే ఉంటాడు. సినిమా హాల్లో పెరిగిన జాతి మనది, విజిల్‌కు విజిల్‌తోనే జవాబిస్తాం.

వేసవి వచ్చేసరికి ఇదే ధైర్యం అడవికి మారుతుంది. ఎండ, పొడి గాలి, రాలిన ఆకు: ఈ మూడూ కలిసిన రోజు అడవికి నిప్పురవ్వ చాలు. మనం పొలం గట్టు మీద చెత్త తగలబెట్టడానికి ఎంచుకునే రోజు కూడా అదే, బాగా అంటుకుంటుందని. మన అడవుల్లో నిప్పు చాలావరకు మనిషి చేతిదే. ఆర్పకుండా పారేసిన బీడీ, ఇప్పపువ్వు ఏరడానికి అంటించిన ఆకులు, కొత్త గడ్డి కోసం కాల్చిన పాత గడ్డి. 2014 మార్చిలో శేషాచలం అంటుకుంటే తిరుమల కొండల మీదికి హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. ఇప్పుడు 800 కిలోమీటర్ల పైనున్న ఉపగ్రహం వేడిని పసిగడితే, డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే నుంచి సిబ్బంది ఫోన్లకు సందేశం వచ్చేస్తుంది. అంత ఎత్తు నుంచి ఉపగ్రహానికి కనబడే నిప్పు, దాన్ని పక్కనే పారేసి నడిచిపోయినవాడికి కనబడదు.

వాలు మీద మంట పైకి వేగంగా పాకుతుంది. కాబట్టి పైకి పరుగెత్తకూడదు. దారి తెరిచి ఉంటే పక్కకో కిందికో తప్పుకుని బండనేలకో, కాలి చల్లారిన చోటుకో చేరాలి. మనవాళ్లు పైకే ఎక్కుతారు, అక్కణ్నుంచి వీడియో బాగా వస్తుంది కదా.

చైత్ర పౌర్ణమికి నల్లమలలో సలేశ్వరం జాతర. అడవి కరకరలాడుతూ ఉండే రోజులవి. ఈసారి బావగారు కుటుంబంతో ఆ దారి పట్టారు. దారిలో వంట చేసుకోవద్దని నేను ఫోన్లో మొత్తుకుంటే, 'భయపడకోయ్ బావమరిదీ, జాగ్రత్తలు మాకు తెలీవా' అని ఒక ఫొటో పంపారు. మూడు రాళ్ల పొయ్యి, దానిమీద గిన్నె, గాలి కొట్టకుండా వెనక ఒక రేకు అడ్డం. రేకు మీద అక్షరాలు సగం మసిబారాయి గానీ చదవొచ్చు: 'ఇచ్చట నిప్పు రాజేయరాదు.'