ఈశాన్యాన నీరుంది, మహాయోగం

హైదరాబాద్‌లో ఫ్లాట్ చూపించడానికి ఒక ముహూర్తం ఉంది. ఏప్రిల్ నెల, ఆదివారం, ఉదయం తొమ్మిదిన్నర. ఆ వేళకు బ్రోషర్‌లో అచ్చేసిన ప్రతి మాటా నిజం. ఔటర్ రింగ్ రోడ్డు ఏడు నిమిషాలే. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ పావుగంటే. నీళ్ల ట్యాంకర్లు తెల్లారకముందే వచ్చి వెళ్లిపోయి ఉంటాయి. పక్కనున్న ఖాళీ జాగాలో పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు. "అక్కడ పార్కు వస్తుంది సార్" అంటాడు టై కట్టుకున్న సేల్స్ కుర్రాడు. అక్కడ వచ్చేదేమిటో జులైలో వెళితే కనిపిస్తుంది గానీ, జులైలో మనం వెళ్లం. ఆషాఢం కదా. ఆషాఢంలో ఇల్లు చూడకూడదన్న ఆచారం పెట్టిన మహానుభావుడెవరో గానీ, బిల్డర్లంతా చందాలు వేసుకుని ఆయనకో విగ్రహం పెట్టించాలి.

అలాగని మనవాడు కళ్లు మూసుకుని కొనేస్తాడనుకోకండి. సిద్ధాంతిగారిని కార్లో వెంటబెట్టుకు వెళతాడు. ఆయన దిక్సూచి పెట్టి సింహద్వారం ఎన్ని డిగ్రీలు తప్పిందో కొలుస్తారు. పొయ్యి ఆగ్నేయంలో ఉందా, పడకగది నైరుతిలో ఉందా, పక్క ఫ్లాటు వాళ్ల బాత్రూమ్ గోడ మన దేవుడి గదికి ఆనుకుందా అని గంటన్నర పరీక్ష. చివరికి బాల్కనీలో నిలబడి ఆ ఖాళీ జాగా వైపు చూసి, "అది పూర్వం చెరువు కదూ? ఈశాన్యాన నీరు. మహాయోగం" అని తేల్చేస్తారు.

ఆ నీటికి శాస్త్రంతో పాటు ఒక జీవో కూడా ఉంది. 2012 నాటి జీవో 168 ప్రకారం, చెరువు పది హెక్టార్లు, ఆపైన ఉంటే ఎఫ్‌టీఎల్ గీత నుంచి, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు ఆగే చోటు నుంచి 30 మీటర్ల దాకా కట్టడం ఉండకూడదు. అంతకన్నా చిన్న కుంటయితే 9 మీటర్లు. సిద్ధాంతిగారికి ఈ లెక్క తెలియదు. కొనేవాడికి తెలియదు. ఆ బాల్కనీలో ఈ లెక్క తెలిసిన ఏకైక మనిషి టై సర్దుకుంటూ కొబ్బరినీళ్లు అందిస్తున్నాడు.

ఇక ధర. చదరపు అడుగు ఏడున్నర వేలు, ఫ్లాటు 1,800 అడుగులు. ఈ అడుగులు మీ కాళ్ల కింద పడేవే అనుకుంటే పొరపాటు. అందులో లిఫ్టు ఉంది, మెట్లున్నాయి, కారిడార్ ఉంది, మీరు జన్మలో ఎక్కని ట్రెడ్‌మిల్ కింది నేల ఉంది. గోడల మధ్య చాప పరిచి కొలిస్తే పదమూడు వందలు దొరికితే అదృష్టం. కార్పెట్ ఏరియా అంటే ఏమిటో 2016 నాటి రెరా చట్టం నిర్వచించి పెట్టింది. ఆ నిర్వచనం చట్టంలో క్షేమంగా ఉంది, బేరం మాత్రం సూపర్ బిల్టప్‌లోనే నడుస్తోంది.

మనవాడు బేరంలో తక్కువ తినలేదు. రెండు వారాలు పోరాడి అడుక్కి వంద తగ్గించాడు. లక్షా ఎనభై వేలు ఆదా. ఇంటికెళ్లి పాయసం చేయించుకున్నాడు. మిగిలిన కోటీ ముప్పై మూడు లక్షల ఇరవై వేల మీద, ఇంకా కడుతున్న ఫ్లాటు కాబట్టి 5 శాతం జీఎస్టీ, ఆపైన స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం. వెరసి పదహారు లక్షల అరవై అయిదు వేలు. పాయసం అరిగేలోపే ఇంకో కాగితం వచ్చింది. అందులో క్లబ్‌హౌస్, కార్పస్ ఫండ్, పై అంతస్తు ఎక్కినందుకు ఫ్లోర్ రైజ్, సూర్యుడు తూర్పున ఉదయిస్తున్నందుకు ఈస్ట్ ఫేసింగ్ ప్రీమియం ఉన్నాయి. ఓపెన్ పార్కింగును, స్టిల్టు పార్కింగును విడిగా అమ్ముకోకూడదని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది కాబట్టి, చట్టమంటే గౌరవమున్న బిల్డర్ పార్కింగ్ అమ్మడు. 'ఎమినిటీస్' అమ్ముతాడు. వాటిలో ఒకదాని కొలత సరిగ్గా కారు పట్టేంత ఉంటుంది.

"ఇంత రేటేమిటయ్యా?" అంటే కోకాపేట వైపు చెయ్యి చూపిస్తారు. 2023 ఆగస్టులో సర్కారు వారి వేలంలో అక్కడ ఎకరం 100.75 కోట్లు పలికింది. భూముల ధరలు అదుపులో పెట్టాల్సిన ప్రభుత్వమే గొంతెత్తి వేలంపాట పాడితే ఇక మిగతావాళ్లను అనేదేముంది? ఆ రోజు నుంచి చుట్టుపక్కల యాభై కిలోమీటర్లలో ఉన్న ప్రతి కంది చేనూ కోకాపేటకు దగ్గరి చుట్టమే.

సరే, ధర ఎక్కువనిపిస్తే ఆగొచ్చు కదా? ఆగలేం. ఎందుకంటే అవతలి పార్టీ నాలుగింటికి వస్తోంది.

"అన్నా, మీరు మనోళ్లని ముందు మీకు చెప్తున్న. అవతలి పార్టీ నాలుగింటికి టోకెన్ తీస్కొని వస్తున్నరు. ఫుల్ వైట్. బేరం గూడ ఆడలే. తర్వాత నన్ననొద్దు మళ్ల." బ్రోకర్ ఈ మాట చెప్పేటప్పుడు ఆయన కళ్లలో నిజమైన బాధ కనిపిస్తుంది. ఈ అవతలి పార్టీ గురించి ఎవరైనా పీహెచ్‌డీ చేయాలి. ఆయన డల్లాస్‌లో ఉంటాడు. మంగళవారం ఫ్లైటు. టవర్‌లో నాలుగు వందల ఫ్లాట్లున్నా ఆయన తల్లికి మీరు చూసిన అయిదో అంతస్తు తూర్పు ఫ్లాటే నచ్చుతుంది. డాక్యుమెంట్లు అడగడు. 2009 మాంద్యంలో సగం ఊరు ఉద్యోగాలు పోతాయని వణుకుతున్నప్పుడూ ఆయన కొనడానికి వచ్చాడు. 2020 లాక్‌డౌన్‌లో మనుషులు గడప దాటనప్పుడు వీడియో కాల్‌లో వచ్చాడు. ఆయన్ను చూసినవాడు లేడు, ఆయన వల్ల అడ్వాన్స్ ఇవ్వనివాడూ లేడు. మళ్లీ మీ ఫ్లాటు మీరు అమ్ముకోబోయిన నాడు ఇదే బ్రోకర్ పెదవి విరిచి "మార్కెట్ డల్ ఉంది అన్నా, పార్టీలే లేరు" అంటాడు. డల్లాస్ ఫ్లైటు ఆ రోజుకే రద్దయిపోతుంది.

లాయరు కాగితాలు చూడ్డానికి పది రోజులడిగాడు. అవతలి పార్టీ నాలుగు గంటలిచ్చింది. ఎవరు గెలుస్తారో చెప్పడానికి మళ్లీ సిద్ధాంతి అక్కర్లేదు.

అయితే అసలైన అవతలి పార్టీ ఒకడు లేకపోలేదు. తోడల్లుడు. ఆయన అప్పుడెప్పుడో తెల్లాపూర్ వైపు కొన్నాడు, అప్పట్లో అడుగు మూడున్నర వేలట. ఆ సంగతి ప్రతి పెళ్లిలో, ప్రతి బారసాలలో, చివరికి మా మామగారి సంవత్సరీకంలో కూడా చెప్పాడు. ఆయన చెబుతున్నంతసేపూ మా ఆవిడ నా వైపు చూడదు. ఆ చూడకపోవడం ఉంది చూశారూ, దాని విలువ అడుక్కి కనీసం వెయ్యి రూపాయలు. ఈ ఊళ్లో రేట్లు పెరగడానికి సాఫ్ట్‌వేర్ కారణమని ఆర్థికవేత్తలు అంటారు. వాళ్లకు తోడల్లుళ్లు లేరేమో.

అలా పోటీలో వెనకబడ్డవాడి కోసమే ప్రీలాంచ్ పుట్టింది. ఆలూ లేదు చూలూ లేదు, టవర్ పేరు సోమలింగం హైట్స్. మొత్తం డబ్బు ఒకేసారి కడితే సగం ధర. అయిదు వందల చదరపు మీటర్లు దాటిన స్థలమైనా, ఎనిమిది ఫ్లాట్లు మించిన కట్టడమైనా రెరాలో నమోదు కాకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. రాతపూర్వక అగ్రిమెంటు రిజిస్టర్ కాకుండా 10 శాతానికి మించి అడ్వాన్స్ పట్టకూడదు. అందుకే ఇది బుకింగ్ కాదు, 'ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ ఆఫర్'. నిన్నటిదాకా ముఖం తెలియని మీరు ఇవాళ బిల్డర్ కుటుంబ సభ్యులు. భరోసా కోసం విడదీయని భూమి వాటా మీ పేరిట రాస్తారు కూడా. బిల్డర్ చేతులెత్తేస్తే ఆ చేనులో మీకు యాభై గజాలుంటుంది. ఎక్కడ అని మాత్రం అడక్కూడదు. మిగతా కొన్ని వందలమందీ అదే అడుగుతున్నారు.

కాగితాల దాకా వచ్చినవాళ్లకు ఇంకో రకం ధైర్యం ఇస్తారు. "ఈసీ క్లియర్ సార్, ముప్పై ఏళ్లది." ఈసీలో, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో, రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే ఉంటాయి. కోర్టులో నలుగుతున్న దాయాదుల పంపకాలు ఉండవు, నోటరీ అగ్రిమెంట్లు ఉండవు, చెరువు అంతకన్నా ఉండదు. ఈ కాగితాల విషయంలోనూ, నీళ్ల విషయంలోనూ 1908 మన ఊరికి విచిత్రమైన సంవత్సరం. ఆ సెప్టెంబరు 28న మూసీ ఊరి మీద పడి వేలమందిని మింగింది. అలాంటిది మళ్లీ జరగకూడదని నిజాం సర్కారు ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టించింది. అదే ఏడు బ్రిటిష్ ఇండియాలో రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. ఇప్పటికీ మనం నమ్ముకుంటున్నది దాన్నే. ఆ చట్టం దస్తావేజును రిజిస్టర్ చేస్తుంది తప్ప భూమి మీదేనని పూచీ పడదు. ఒకటి నీళ్ల సంగతి, ఒకటి కాగితాల సంగతి, రెండూ ఒకే ఏడాది చెప్పిపెట్టినా మన చెవికెక్కలేదు.

"పెద్ద బ్యాంకు లోనిస్తోంది కదా" అన్నది ఇంకో ధీమా. బ్యాంకు లాయరు చూసేది బ్యాంకు డబ్బు వెనక్కి వస్తుందా అని. ఫ్లాటు కూలినా ఈఎంఐ కూలదు. "మున్సిపల్ పర్మిషన్ ఉంది" అంటారు. ఉంటుంది. బిల్డర్ ప్లాను తప్పకుండా ఉండేందుకు కట్టడంలో పదో వంతును మున్సిపాలిటీ తాకట్టు పెట్టుకుంటుంది, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు విడిచిపెడుతుంది. ఆ తాకట్టు ఫ్లాట్లు ఏవో తెలుసుకోవాలంటే, ఎక్కువ డిస్కౌంట్ ఎక్కడ ఇస్తున్నారో చూడండి. ఓసీ ఏదయ్యా అంటే "ప్రాసెస్‌లో ఉంది సార్". ఈ నగరంలో కొన్ని అపార్ట్‌మెంట్లలో పిల్లలు పుట్టి పెరిగి ఎంసెట్ రాశారు, ఓసీ ఇంకా ప్రాసెస్‌లోనే ఉంది.

2024 జులైలో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక ఎఫ్‌టీఎల్ అన్న మాట పాలవాడికి కూడా నోటికొచ్చేసింది. పర్మిషన్, ఇంటి నంబరు, కరెంటు మీటరు, ఆస్తిపన్ను రసీదు చేతిలో పట్టుకుని బుల్డోజర్ ముందు నిలబడ్డవాళ్లను టీవీలో చూశాం. పన్ను కట్టించుకున్న శాఖ వేరు, మీటరిచ్చిన శాఖ వేరు, కూల్చే శాఖ వేరు. మూడూ సర్కారే అయినా ఒకదానితో ఒకటి పరిచయం లేదు. ఇప్పుడు చెరువుల మ్యాపులు హెచ్ఎండీఏ వెబ్‌సైట్లో ఉన్నాయి, నిషేధిత భూముల 22ఏ జాబితా రిజిస్ట్రేషన్ శాఖ దగ్గర ఉంది. చూడ్డానికి పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ మనవాడు లాబీలో షాండిలియర్ ఫొటోలు తీసుకున్నాడు.

ఇంతకీ మన తోడల్లుడి సంగతి. పోయిన వానాకాలం ఒక రాత్రి నాలుగు గంటలు ఏకధాటిగా కురిసింది. తెల్లారి మా వదిన పాపం ఏదో వంటకం ఫొటో చూపించబోయి, పొరపాటున వాళ్ల కమ్యూనిటీ ఓనర్ల వాట్సాప్ గ్రూపు తెరిచింది. సెల్లార్‌లో నడుము లోతు నీళ్లు. రెండు కార్లు ఎవరి పార్కింగులో ఉండాల్సినవి ఎవరి పార్కింగులోనో తేలుతున్నాయి. క్లబ్‌హౌస్ ఈశాన్యంలో ఉందట, అక్కణ్నుంచే వచ్చాయి. కింద అసోసియేషన్ ప్రెసిడెంటు మెసేజ్. "ఓనర్లకు విజ్ఞప్తి. సెల్లార్ వీడియోలు వెంటనే డిలీట్ చేయగలరు. స్టేటస్‌లో పెట్టకండి. అద్దెకున్నవాళ్లకు కూడా చెప్పండి. మూడు ఫ్లాట్లు రీసేల్‌లో ఉన్నాయి, ఆదివారం పొద్దున పార్టీలు చూడ్డానికి వస్తున్నారు. శనివారంలోపు పిల్లర్ల మీద నీటి మరకలు కనపడకుండా రంగు వేయిస్తున్నాం. ఫ్లాటుకు అయిదు వందలు."

మెయింటెనెన్సు ఏడాదిగా బాకీ ఉన్న 204 వాళ్లు కూడా అయిదు నిమిషాల్లో ఫోన్‌పే చేసేశారు.